ఆ చౌరస్తా గుమ్మడికాయ మాదే

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక జిల్లా పేజీలో, కింద ఎడమవైపు, "చౌరస్తాలో క్షుద్రపూజల కలకలం" అని రెండు కాలాల వార్త ఒకటి వచ్చింది. పక్కన ఫోటో. సగానికి కోసి కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ, రెండు నిమ్మచెక్కలు, విస్తరాకులో తెలుపు, ఎరుపు, నలుపు రంగుల్లో మూడు అన్నం ముద్దలు, వాటి పక్కన చిన్నపిల్లల బట్ట ముక్క. గుర్తు తెలియని వ్యక్తులు అర్ధరాత్రి వేళ క్షుద్రపూజలు నిర్వహించినట్లు ఆనవాళ్లు కనిపించాయనీ, స్థానికులు భయభ్రాంతులకు గురవుతున్నారనీ రాశారు. ఆ గుర్తు తెలియని వ్యక్తులం మేమే. నేనూ, మా ఆవిడా. అర్ధరాత్రి కూడా కాదు, రాత్రి ఎనిమిదింపావు. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, సీరియల్ అయిపోయాకే బయల్దేరుదామంది మా ఆవిడ. గుమ్మడికాయ అంగట్లో నేనే కొన్నాను, 50 చెప్తే బేరమాడి 40కి తెచ్చాను.

జరిగింది చెప్తాను. మా మనవడికి 4 ఏళ్లు. వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గకపోతే పరీక్ష చేయించాం, డెంగీ అన్నారు. కరీంనగర్‌లో 9 రోజులు ఆస్పత్రిలో ఉంచాం. ప్లేట్‌లెట్లు 32 వేలకు పడిపోయిన రోజు రాత్రి మా కోడలు వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది, కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టర్లు బాగా చూశారు. పిల్లాడు వైద్యంతోనే బతికాడు, ఆ విషయంలో నాకు గానీ మా ఆవిడకు గానీ ఏ అనుమానమూ లేదు. అయినా సరే, ఇంటికి తీసుకొచ్చాక దిష్టి తీస్తేనే తనకు నిద్ర పడుతుందంది. నేను 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించినవాణ్ణి, కానీ 9 రాత్రులు ఆస్పత్రి బెంచీ మీద పడుకుని వచ్చిన మనిషికి ఉపన్యాసం ఇచ్చే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి.

ఉత్త అన్నంతో తెల్ల ముద్ద, కుంకుమ కలిపి ఎర్ర ముద్ద, బొగ్గుపొడి కలిపి నల్ల ముద్ద. పిల్లాణ్ణి తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పోయేవాళ్ల దిష్టి, వచ్చేవాళ్ల దిష్టి అంటూ మూడుసార్లు తిప్పింది. మొదటిరోజు జ్వరం వచ్చినప్పుడు ఏ చొక్కా తొడుక్కున్నాడో ఆ చొక్కా చెయ్యి కత్తిరించి అందులో పెట్టింది. వాడేమో ఎర్ర ముద్ద తింటానని ఏడుపు, జామ్ కలిపారనుకున్నాడు. అన్నీ విస్తరాకులో పెట్టుకుని చౌరస్తాలో ఒక పక్కన వదిలేసి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాం. అంతే. ఆ రోజు అమావాస్య అన్నది క్యాలెండర్‌లో మేం చూసుకోలేదు, తరవాత మీ వార్త చదివాకే తెలిసింది.

దీన్ని మనం దిష్టి తీయడం అంటాం, దిగదుడుపు అంటాం. దిగదుడుపు అన్న మాట మీ ఆటల పేజీలో వారానికోసారి కనిపిస్తుంది, ఫలానా ఆటగాడి ముందు మిగతావాళ్లు దిగదుడుపే అని. అంటే తిప్పి పారేసేంత విలువ అని అర్థం. ఆటల పేజీలో సరిగ్గా వాడిన మాట జిల్లా పేజీకి వచ్చేసరికి ఎవరికీ గుర్తురాలేదు, అదే నా బాధ. దుకాణం ముందు శనివారం కట్టే నిమ్మకాయా మిరపకాయలూ క్షుద్రం కాదు, కొత్త కారు చక్రాల కింద తొక్కించే నిమ్మకాయలు క్షుద్రం కాదు, ఆయుధపూజ రోజు మీ ప్రెస్సులో మెషిన్ ముందు గుమ్మడికాయ కొట్టే ఉంటారు, అదీ కాదు. అదే గుమ్మడికాయ చౌరస్తాలో దిక్కులేకుండా కనిపిస్తే మాత్రం క్షుద్రం. (రోడ్డు మీద గుమ్మడికాయలు కొడితే బండ్లు జారి పడుతున్నాయి, ఆ వార్త రాయండి, ఆ తప్పు మాత్రం నిండుగా ఒప్పుకుంటాను.)

ఇప్పుడు ఆ మాట సంగతి. పాత అలవాటు కాబట్టి కొంచెం పాఠం చెప్తాను, ఓపిక పట్టండి. క్షుద్ర అన్నదానికి సంస్కృతంలో మూలం క్షుద్ అనే ధాతువు, నలగగొట్టడం, దంచడం, పొడి చేయడం అని. పొడి అయింది కాబట్టి చిన్నది. అదీ క్షుద్రమంటే. "పుస్తకం క్షుణ్ణంగా చదివాను" అంటామే, ఆ క్షుణ్ణం కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే, బాగా దంచినట్టు చదవడం. ఒక తల్లి బిడ్డలు రెండు, ఒకటి ర్యాంకు తెచ్చుకుంది, ఒకటి పోలీస్ స్టేషన్‌కెక్కింది.

మా తాత దగ్గర చిన్నప్పుడు అమరకోశం, అంటే అమరసింహుడి సంస్కృత నిఘంటువు, వల్లె వేసినవాణ్ణి, అందులో ఈ మాట రెండు మూడు చోట్ల వస్తుంది. ఒకచోట పిసినారికి పేర్లు చెప్తూ కదర్యుడు, కృపణుడు, క్షుద్రుడు అంటాడు. ఇంకోచోట నానార్థాల్లో, క్షుద్రా అంటే అవయవలోపం ఉన్న స్త్రీ, నటి, వేశ్య, తేనెటీగ, వాకుడు మొక్క అంటాడు, ఆ తరవాత క్రూరమైనది, నీచమైనది, చిన్నది అని. వరుసలో చేతబడి లేదు. తేనెటీగ ఉంది. అందుకే ఆయుర్వేదంలో తేనెను క్షౌద్రం అంటారు, క్షుద్ర అనే ఈగ చేసింది కాబట్టి. చంటిపిల్లాడి దగ్గుకు వాడే వాకుడుకు కూడా ఆ పేరే. పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు క్షుద్రరోగాలని 44 లెక్కపెట్టాడు, ఏంటవి అంటే మొటిమలు, చుండ్రు, పేనుకొరుకుడు, కాలి ఆనెలు, మడమల పగుళ్లు, తల నెరవడం, పుట్టుమచ్చలు. అంటే ఈ లెక్కన నాకు ఒంటి మీద 5 క్షుద్రరోగాలున్నాయి, ఒక్కటి కూడా జిల్లా పేజీలో రాలేదు. నాలుగు మెట్లెక్కితే వచ్చే ఆయాసం క్షుద్రశ్వాస. గీతలో రెండో అధ్యాయం మూడో శ్లోకంలో కృష్ణుడు అర్జునుణ్ణి "క్షుద్రం హృదయదౌర్బల్యం" వదిలి లెమ్మంటాడు, అల్పమైన ఆ గుండెదిటవు లేనితనం నీకు తగదని. చౌరస్తాలో ఏదో పెట్టావని కాదు.

మరి ఒకరికి చెడు జరగాలని కోరి చేసే క్రతువుకు సంస్కృతంలో పేరు లేదా అంటే ఉంది, అభిచారం. అమరకోశంలోనే దానికి అర్థం హింసాకర్మ అని రెండే మాటల్లో చెప్పాడు. ఎంత బాగా చెప్పాడో చూడండి, నిమ్మకాయ ఉందా, ముగ్గు ఉందా, ఏ రోజు చేశారు అని కాదు, హింస కోసం చేశారా లేదా అన్నదొక్కటే గుర్తు. ఆ మాటను మనం పండితుల పుస్తకాల్లో వదిలేసి, చిన్నది అనే మాటను తెచ్చుకుని దాన్ని అతి పెద్ద భయానికి పేరుగా పెట్టుకున్నాం.

చిన్నది చెడ్డది ఎప్పుడయిందో నాకు తోచింది చెప్తాను. క్షుద్రదేవతలు అన్న మాట దగ్గర అయింది. పెద్ద గుళ్లలో పెద్ద దేవుళ్లున్నారు, ఊరి చివర వేపచెట్టు కింద పోచమ్మ, కట్ట మీద మైసమ్మ, పొలిమేరలో ఎల్లమ్మ. పెద్దవాళ్ల లెక్కలో వీళ్లు చిన్న దేవతలు. చిన్న దేవత అని రాయాల్సినచోట క్షుద్రదేవత అని రాశారు, కోడిని కోస్తారు, కల్లు సాక పోస్తారు, పూనకం వస్తుంది, పూజారి బ్రాహ్మడు కాడు, ఇంకేముంది, చిన్నతనం కాస్తా నీచమైంది, నీచం కాస్తా భయం అయింది. 2014లో బోనాల పండుగను రాష్ట్ర పండుగ చేశారు, మీ పత్రికే ఆషాఢంలో నాలుగు రంగుల పేజీలు వేస్తుంది. ఆ బోనాల్లో ఉండేవేంటి, పసుపన్నం, వేపాకు, నిమ్మకాయలు, కుంకుమ, కోడి. అవే వస్తువులు మంగళవారం నాడు పొలిమేరలో ఎవరో మొక్కు తీర్చుకుని వదిలేసి పోతే మర్నాడు అవి ఆనవాళ్లు అవుతాయి. గవర్నరు ఎత్తితే బోనం, కూలిమనిషి దింపితే క్షుద్రం అన్నట్టుంది. కొంచెం కటువుగా ఉంటే క్షమించండి గానీ నాకలాగే కనిపిస్తోంది.

నేను ఆ వార్త తరవాత ఇంట్లో ఉన్న పాత పేపర్లు తీసి కూర్చున్నాను, రిటైరైనవాడికి పనేముంది. క్షుద్రపూజలు అన్న హెడ్డింగు కింద మీ పత్రికలోనే ఎన్ని రకాలున్నాయో చూస్తే ఆశ్చర్యం వేసింది. ఒకచోట పాత గుడి వెనక గుప్తనిధుల కోసం గొయ్యి తవ్వారు. అది దొంగతనం సార్, దానికి 1878 నాటి చట్టమే ఉంది, 10 రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని, గొయ్యి పక్కన నిమ్మకాయ పెట్టినంత మాత్రాన దొంగతనం పూజ అయిపోదు. ఇంకోచోట పొలం గట్టు తగాదాలో ఎదుటివాణ్ణి భయపెట్టాలని వాకిట్లో ఎముకలూ వెంట్రుకలూ పడేశారు. అది బెదిరింపు. మరోచోట దయ్యం వదిలిస్తానని ఒక బాబా ఒకామెను కొట్టి డబ్బు గుంజాడు. అది మోసం, దాడి. ఇంకో వార్తలో ఉన్నది చూస్తే నాకు అర్థమైనంతవరకు కాన్పయిన ఇంటివాళ్లు పురుడు వెళ్లాక పారేసిన సామాను. ఈ నాలుగింటికీ ఒకే హెడ్డింగు. దొంగా, తగాదాకోరూ, మోసగాడూ, బాలింతా ఒకే వరుసలో నిలబడ్డారు, నేరమేదో కానిదేదో చదివేవాడికి ఎలా తెలియాలి?

మన భాషలో మాటలకు కరువా అంటే అదీ లేదు. చేతబడి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఏజెన్సీ వైపు చిల్లంగి అంటారు. మా వైపు బాణామతి. ఈ బాణామతి కథ ఇంకా చిత్రం. ఇక్కడ బాణామతి అంటే మనిషి ఒంటి మీదికి వచ్చేది, ఆడవాళ్లు కుక్కల్లా అరవడం, పడిపోవడం. సరిహద్దు దాటి మహారాష్ట్ర వెళ్తే అక్కడ చాలాచోట్ల భానామతి అంటే ఇంటి మీద రాళ్లు పడటం, దండెం మీద బట్టలు వాటంతటవే అంటుకోవడం, మనిషికన్నా ఇంటికి పట్టేది. ఇంకా పైకి హిందీలోకి పోతే భాన్‌మతీ కా పిటారా, అంటే గారడీ ఆమె పెట్టె, ఏది కావాలంటే అది బయటికి తీస్తుంది, ఇక్కడ భయమే లేదు, నవ్వే. ఒకే మాట అనిపించేది మూడు చోట్ల మూడు వేషాలు కట్టింది. మా చిన్నప్పుడు బాణామతి అంటే ఎవరూ ఇంట్లో గట్టిగా అనేవాళ్లు కాదు, అది అన్నట్టు చెయ్యి ఊపేవాళ్లు.

మందు అన్న మాట చూడండి. జ్వరానికీ మందే, పురుగులకూ మందే, సాయంత్రం సీసాలోదీ మందే, టపాకాయలోదీ మందే, భర్త మాట వినడం మానేస్తే అత్తగారు "ఎవరో మందు పెట్టారు" అనేదీ మందే. ప్రయోగం ఇంకా గొప్పది. శ్రీహరికోట నుంచి ఉపగ్రహ ప్రయోగం విజయవంతం అని మొదటి పేజీలో వేస్తారు, స్కూల్లో ప్రయోగశాల ఉంటుంది, వ్యాకరణంలో కర్మణి ప్రయోగం ఉంటుంది, మంత్రగాడి దగ్గరికి పోతే "నీ మీద ప్రయోగం జరిగింది" అంటాడు. కర్మణి ప్రయోగం అంటే గుర్తొచ్చింది, మీ వార్తల్లో అది మరీ ఎక్కువ. "నిర్వహించబడినట్లు", "గుర్తించబడినట్లు". ఎవరు నిర్వహించారో, ఎవరు గుర్తించారో తేలదు. మా చౌరస్తాలో గుర్తించింది పాల ప్యాకెట్ల అబ్బాయి, సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, పెట్టేసరికి కుక్క సగం అన్నం తినేసింది కూడా. ఆ కుక్క ఇప్పటికీ మా గల్లీలోనే ఉంది, భేషుగ్గా ఉంది.

సరదాగా రాస్తున్నానని అనుకోవద్దు. సరదా అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

మా గల్లీ మూలమీద రేకుల ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. అందరం అవ్వా అంటాం. 75 దాటి ఉంటాయి. పొద్దున చీపుర్లు కట్టి అమ్ముకుంటుంది, ఎవరికైనా చెయ్యో కాలో బెణికితే నూనె రాసి సరిచేస్తుంది. వార్త వచ్చిన రోజు సాయంత్రం నేను చాయ్ హోటల్లో ఉన్నాను. మీ పేపరు నలుగురి చేతులూ మారుతోంది. చిన్నపిల్లల బట్ట ముక్క అన్న దగ్గర అందరూ ఆగుతున్నారు, ఎవరి పిల్లాడి మీదో చేశారని. ఎవరు చేసి ఉంటారన్న మాట వచ్చింది. ఒక పెద్దాయన, పాపం ఏ ఉద్దేశమూ లేకుండానే, "ఆ మూలింటి ముసలామె ఒకప్పుడు మంత్రసాని" అన్నాడు.

అక్కడ కూర్చున్న కుర్రాడికి 20 ఏళ్లుంటాయి. "అంటే మంత్రాలు వస్తయా ఆమెకు?" అన్నాడు.

మంత్రసాని అంటే కాన్పులు చేసే మనిషని వాడికి తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, వాడు పుట్టింది ఆస్పత్రిలో, వాడు చదివిన పుస్తకాల్లో ఆ మాట లేదు, ఉంటే నాలాంటివాడు చెప్పి ఉండాలి. మంత్రం అంటే ఆలోచన అనీ, మంత్రాంగం అనీ, మంత్రి అన్న మాట కూడా అందులోంచే వచ్చిందనీ, రాజధానిలో ఉన్న మంత్రుల్ని చూసి ఎవరూ భయపడి ఇంటికి తాళం వేసుకోవడం లేదనీ, నేను అప్పుడే అక్కడే చెప్పి ఉండాల్సింది. అన్నిటికన్నా ముందు ఆ గుమ్మడికాయ మాదని చెప్పాల్సింది. చెప్పలేదు. చాయ్ తాగేసి డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. తెలుగు పండితుడు, మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించినవాడు, భార్యతో కలిసి చౌరస్తాలో విస్తరాకు పెట్టి వచ్చాడంటే నలుగురూ నవ్వుతారని. క్షుద్రం హృదయదౌర్బల్యం అని పైన రాశాను చూడండి, అది రాస్తున్నప్పుడు నాకు చెయ్యి ఆగింది.

మూడు రోజులు ఊరుకున్నాను. ఆ మూడు రోజుల్లో అవ్వ చీపుర్లు ఒక్కటి అమ్ముడుపోలేదు. బడికి పోయే పిల్లలు ఆ మూల దాటేటప్పుడు పరుగెత్తడం మొదలుపెట్టారు, ఎవరో తల్లి నేర్పింది. రెండో రాత్రి రేకుల మీద రాయి పడింది. ఎవరో ఆకతాయి పని కావచ్చు. మా జిల్లావాళ్లకు ఇది ఆకతాయితనంగా తీసుకునే విషయం కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోనే, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో కుల సంఘం సమావేశంలో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. పట్టపగలు, అందరూ కూర్చున్న చోట. మీ పత్రిక కూడా రాసే ఉంటుంది. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఏటా వేసే పట్టికల్లో హత్యలకు కారణాల వరుసలో, ఆస్తి తగాదా, ప్రేమ వ్యవహారం లాంటివాటి మధ్య, మంత్రవిద్య నెపం అని ఒక గడి విడిగా ఉంటుంది. ఆ గడి ఇంకా తీసెయ్యలేదంటే అర్థం చేసుకోవచ్చు.

నాలుగో రోజు పొద్దున చాయ్ హోటల్‌కి వెళ్లి, నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాను, అది మాదేనని, మనవడి దిష్టి అని, చొక్కా మిగిలిన ముక్క కూడా సంచిలో తీసుకెళ్లి చూపించాను. ఒకరిద్దరు నవ్వారు, నవ్వనీ. కానీ ఆ 20 ఏళ్ల కుర్రాడు ఏమన్నాడో తెలుసా, "ఏం సార్, అవ్వను కాపాడాలని మీరే మీదేసుకుంటున్నరా? పేపర్లో క్షుద్రపూజలని క్లియర్‌గ రాసిండ్రు గద" అన్నాడు. ఎదురుగా నిలబడి చెప్పిన మనిషికన్నా వాడికి అచ్చయిన మాటే గట్టిది. వాడి నాన్న అదే అవ్వ చేతుల్లో పుట్టాడని ఆ తరవాత తెలిసింది, వాళ్ల నానమ్మే చెప్పింది, వచ్చి వాణ్ణి నాలుగు తిట్టింది కూడా. ఆమె తిట్లకు కొంత పని జరిగింది, నా పాండిత్యానికి కాదు.

అచ్చయిన మాటే గట్టిదైతే, ఆ మాట మళ్లీ అచ్చులోనే మారాలి కదా. అందుకే మీకు రాస్తున్నాను.

మహారాష్ట్రలో ఈ వ్యవహారాల మీద 2013లో చట్టం వచ్చింది. దానికోసం ఏళ్ల తరబడి తిరిగిన నరేంద్ర దభోల్కర్‌ను ఆ ఏడాది ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు, చంపిన కొద్ది రోజులకే ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. ఆ చట్టంలో నాకు నచ్చింది ఏంటంటే, పెద్ద పెద్ద మాటలు పేరులో పెట్టుకున్నా, ఏది నేరమో చెప్పాల్సి వచ్చేసరికి ఒక్కో పనినీ విడిగా రాసుకున్నారు. దయ్యం పట్టిందని తాడుతోనో గొలుసుతోనో కట్టి కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, ఫలానావాళ్లు చేతబడి చేస్తారని పుకారు పుట్టించి వాళ్లను బతకనివ్వకుండా చేయడం, ఇలా. ప్రదక్షిణలు, యాత్రలు, హరికీర్తనలు వీటికి చట్టం వర్తించదని అదీ రాశారు. లాయర్లు చూసుకోవాల్సిన జాగ్రత్త అది, ఒప్పుకుంటాను, కానీ విలేకరికి కూడా పనికొస్తుంది. పుకారు పుట్టించడం కూడా ఆ జాబితాలో ఉందన్నది మరోసారి చదువుకోండి.

చూసింది చూసినట్టు రాయమని మీవాళ్లకు చెప్పండి. "చౌరస్తాలో గుమ్మడికాయ, నిమ్మకాయలు, అన్నం ముద్దలు కనిపించాయి, దిష్టి తీసి వదిలేసినట్టుంది" అని రాస్తే వార్త కాదు కదా అంటారేమో. నిజమే, వార్త కాదు. వెయ్యకండి. అంత జాగా ఖాళీగా ఉంటే మా ఊళ్లో నీళ్లు నిలిచిపోయిన తొట్ల ఫోటో వేయండి, డెంగీ వచ్చింది అక్కడి దోమలతోనే, ఎవరి దిష్టితోనో కాదు, ఆ మాట మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. గొయ్యి తవ్వితే తవ్వకం అనండి, కొడితే కొట్టాడనండి, డబ్బు గుంజితే మోసం అనండి. ఎవరైనా నిజంగా ఒకరి పేరు పెట్టి, బొమ్మ చేసి, వాళ్లను చంపుతానని బెదిరిస్తే అప్పుడు చేతబడి పేరుతో బెదిరింపు అని రాయండి, చేతబడి జరిగిందని కాదు. మీ విలేకరి మీద నాకు కోపం లేదు, చిన్న వయసు, రోజుకు ఇన్ని వార్తలు పంపాలన్న టెన్షన్ ఉంటుంది, నేను చదువు చెప్పిన పిల్లల్లో ఇద్దరు ఆ పనే చేస్తున్నారు, వాళ్ల కష్టం తెలుసు. గల్లీలో ఒక్క ఇంటి తలుపు కొట్టి "ఇది ఎవరిదండీ" అని అడిగి ఉంటే మా ఆవిడ చాయ్ ఇచ్చి మరీ చెప్పేది.

సవరణ వేస్తారని ఆశ. మొదటి పేజీలో అక్కర్లేదు. అదే జిల్లా పేజీలో, అదే మూలన, ఎంత చిన్నగా వేసినా పర్వాలేదు, క్షుద్రమైన సవరణే వేయండి, అమరకోశం అర్థంలో. అందులో రెండు సంగతులు మాత్రం తప్పకుండా ఉండాలి: ఆ బట్ట ముక్క మా మనవడి చొక్కాదేనని, వాడు ఇప్పుడు బాగున్నాడని. నా పేరూ చిరునామా కవరు వెనక రాశాను, వేసుకోండి, ఇప్పుడు దాచుకునేదేమీ లేదు. అవ్వ గురించి ఏమీ రాయకండి. మంచిగా రాసినా సరే, ఆమె పేరు గానీ ఫోటో గానీ ఆ వార్తతో కలిపి మళ్లీ పేపర్లో రావద్దని ఆమే చెప్పమంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు,
జగిత్యాల జిల్లా